తెల్లకోటు నాయకుడికి నేనిచ్చిన గొంతు

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం పుణ్యమా అని బడులన్నీ మూతబడ్డ రోజుల్లో, నేను జనగామ చుట్టుపక్కల ఊళ్లలో రష్యా సినిమా చూపించేవాణ్ణి. కిటికీలకు గోనెసంచులు కట్టి పట్టపగలే తరగతి గదిని చీకటి చేసేవాళ్లం. ప్రొజెక్టర్ తిప్పడానికి వేరే మనిషి ఉండేవాడు. సినిమాలో తెలుగు ముక్క లేదు కనుక తెర పక్కన మైకు పట్టుకుని అందరి మాటలూ నేనే చెప్పాలి. పట్నం నుంచి వచ్చిన కాగితంలో కథ మాత్రమే ఉండేది. ఎవరికి ఏ గొంతు పెట్టాలన్నది నా ఇష్టం. ఆ ఇష్టమే నా పరువు తీసింది.

కథ యుద్ధానిది. మంచులో సైనికులు చస్తుంటారు. వాళ్ల దేశనాయకుడు మాత్రం నలగని తెల్లకోటుతో పటం ముందు నిలబడి చేయి చాపితే చాలు, శత్రువు వెనక్కి పోతాడు. ఆయన తప్పు చెయ్యడు, తుమ్మడు, ఆకలనడు. ఎంతమందిని చంపించాడో చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం ఆయన కనబడగానే గొంతు సవరించుకుని, కోస్తా హీరో ఫక్కీలో "సోదరులారా, విజయం మనదే!" అనేవాణ్ణి.

ఇంకొకడు ముసలి సైనికుడు. బూట్లు చిరిగి, రొట్టెముక్క జేబులో దాచుకునేవాడు. వాడికి మా భాష పెట్టాను. "అయ్యా, గీ సలికి సచ్చేటట్టున్న, జర బుక్కెడు బువ్వ పెట్టుండ్రి" అనగానే గది పగిలేలా నవ్వేవారు. నేను ఉబ్బిపోయేవాణ్ణి. మన మాటను వెక్కిరించేవాళ్లతో పొత్తు వద్దని పొద్దున జనగామ ఊరేగింపులో గొంతు చించుకున్నదీ నేనే.

జఫర్‌గఢ్‌లో ఆటకు మా బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. సాయుధ పోరాటం రోజుల్లో కమ్యూనిస్టు దళాలకు జొన్నగట్క వండి మోసినవాడు, ఆ నాయకుడి బొమ్మను ఇంటి గోడకు అంటించుకున్నవాడు. ముందు వరుసలో కూర్చున్నాడు. ముసలి సైనికుడికి నేను పెట్టింది ముమ్మాటికీ ఆయన గొంతే, మధ్యలో కలిపిన దగ్గూ ఆయనదే. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆట అయ్యాక దగ్గరికి వచ్చి అడిగాడు.

"గా పెద్దాయనకు మన మాట రాదా, బిడ్డా?"

"ఆయన మాట్లాడేది రష్యన్ గద, బాపు."

"గా ముసలోడు గూడ రష్యావోడే గద."

చిల్పూర్ ఆటలో నాయకుడి గొంతు మారుస్తానని మాటిచ్చాను. నిజంగానే మార్చాలనుకున్నాను. "అన్నలారా, మనమే గెలుస్తం" అని దారి పొడుగునా అనుకుంటూ పోయాను. బాపు పని మానుకుని అక్కడికీ వచ్చాడు.

నాయకుడు తెర మీదికి వచ్చాడు. నోరు తెరిచాను. ఆ తెల్లకోటులోంచి మా ఇంటి మాట వస్తే ఎవరు నమ్ముతారు అనిపించింది. ఎవరి సంగతో ఎందుకు, నేనే నమ్మలేదు. "సోదరులారా" అన్నాను.

ఇక ముసలి సైనికుడి వంతు వచ్చేసరికి సిగ్గేసి మైకు దించేశాను. తెర మీద వాడు ఊరికే పెదాలు కదిపాడు, మంచులో పడి చచ్చిపోయాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అందరూ వెళ్లాక బాపు వచ్చాడు.

"మైకు ఖరాబైందా, బిడ్డా?"

"అవ్, బాపు" అన్నాను.

ఆయన మైకు వంక ఒకసారి చూసి, కిటికీల గోనెసంచులు విప్పి మడత పెట్టడం మొదలుపెట్టాడు.