ఎనిమిదో ట్రాక్

2023, మే నెల. తార్నాకలో మా ఇంటి ముందుగదే నా పనిచోటు. యూనివర్సిటీ క్యాంపస్‌లో లాంగ్వేజ్ ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాక, పాత సీడీల్లోని పాటల్ని కంప్యూటర్‌లోకి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చే పని పెట్టుకున్నాను. అలా తీయడాన్ని రిప్పింగ్ అంటారు. కంప్యూటర్‌లోని పాటను ఖాళీ సీడీ మీదికి ఎక్కించడం బర్నింగ్. ఉద్యోగం చేసే రోజుల్లో సాయంత్రాలు ఇదే గదిలో బర్నింగ్ చేసేవాణ్ణి. ఇప్పుడు అదే పని తిరగేసి చేస్తున్నాను.

నాకు అనుమానం ఎక్కువ. ప్రతి సీడీనీ రెండు డ్రైవుల్లో రెండుసార్లు రిప్ చేసి, రెండూ అచ్చం ఒకేలా వస్తేనే చేతికిస్తాను. కూరగాయలు తూకం వేయించుకొచ్చి ఇంట్లో మళ్లీ తూస్తానని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. తూస్తాను, నిజమే. చాలాసార్లు తక్కువే ఉంటాయి.

ఆ రోజు మధ్యాహ్నం సరిత అనే అమ్మాయి వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. ఇల్లు మౌలాలి, క్యాంపస్‌లో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ పని. పాత చీర ముక్కలో చుట్టిన సీడీని బ్యాగులోంచి తీసింది. దాని మీద బాల్ పెన్‌తో ‘అమ్మ పాటలు’ అని రాసి ఉంది.

“సీడీ మీద బాల్ పెన్‌తోని రాస్తరా ఎవరన్నా?” అన్నాను. పాట ఉండే పొర సీడీకి పై వైపునే, రాసే చోటికి దగ్గరగా ఉంటుంది. గట్టిగా నొక్కి రాస్తే అక్కడ పాట పోతుంది. జనం మాత్రం కింది వైపును తెగ తుడిచి, పై వైపున పేర్లు చెక్కుతారు.

“నేనే రాసిన సార్. మూడో తరగతిల ఉన్నప్పుడు.”

“సరే, ఏం కావాలె?”

“పాటలు పెన్‌డ్రైవ్‌ల ఏసియ్యాలె. ఇది పాతదే, క్యాసెట్‌కెళ్లి చేసిందే అని ఒక కాగితం గూడ రాసియ్యాలె సార్.”

కాగితం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకని అడిగితే సంగతి చెప్పింది. వాళ్లమ్మ యాదమ్మ క్యాంపస్‌లోని లేడీస్ హాస్టల్ మెస్‌లో చాలా ఏళ్లు వంట చేసింది. ఒక పెద్ద సారు ఆమెతో నాట్ల పాటలు ఏడు పాడించి రికార్డు చేసి, ఒక క్యాసెట్ ఆమెకూ ఇచ్చాడు. ఆ క్యాసెట్ ఎప్పుడో పాడైపోయింది, దాన్నుంచి చేయించిన ఈ సీడీయే మిగిలింది. ఆ పాటల్నే ఇప్పుడు ఒక డిపార్ట్‌మెంటు వాళ్లు తమ వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆ సారు ఇప్పుడు లేడు. పేర్లేమీ రాసిపెట్టలేదు. అందుకని పాటల కింద ‘పాడినవారు: తెలియదు’ అని ఉంది. ఆ గొంతు మా అమ్మదని సరిత వెళ్లి అడిగితే ఆధారం తెమ్మన్నారు. సోమవారం మీటింగు. ఆ తర్వాత అచ్చు పుస్తకం కూడా వస్తుంది, ఇక మార్చరు.

“మీ అమ్మను తీస్కపోయి ఒక పాట పాడిపిస్తే అయిపాయె గద?”

“గొంతుకు ఆపరేషన్ అయింది సార్. మాటనే రాదు.”

అన్నింటికీ జవాబు సిద్ధంగా ఉండటం కూడా నాకు నచ్చలేదు. సీడీ డ్రైవులో పెట్టాను. తెర మీద ట్రాకుల పట్టిక వచ్చింది.

“ఏడు పాటలన్నవ్. గీడ ఎనిమిదున్నయేంది?”

“తెల్వది సార్. ఏడే ఉండాలె.”

ఎనిమిదో ట్రాక్ పక్కన దాని నిడివి కనిపిస్తూనే ఉంది. నేను చూడలేదు. మొదటి పాటను తీసి స్పెక్ట్రమ్ తెరిచాను. అంటే శబ్దాన్ని బొమ్మగా చూపించేది. క్యాసెట్ నుంచి నేరుగా వచ్చిన పాటలో సన్నటి గరగర పైకి వెళ్లేకొద్దీ మెల్లగా పలచబడుతుంది. ఎంపీత్రీ ఫైలు అయితే చోటు కలిసిరావడానికి ఆ పై శబ్దాన్ని కోసేస్తుంది. ఈ పాటలో పైభాగం కత్తి పెట్టి కోసినట్టు తెగి ఉంది.

“ఇది ఎంపీత్రీకెళ్లి చేసింది,” అన్నాను.

“అంటే ఏంది సార్?”

“అంటే వెబ్‌సైట్‌లకెళ్లి పాటలు దింపి, పాత సీడీ మీద ఎక్కించి తేవచ్చు అన్నట్టు.”

ఆమె ముఖం ఎర్రబడింది. “నేను దొంగ సీడీ చేసుకొచ్చిన్నంటున్నరా?”

“నేనేమంటలేను. మిషిన్ చెప్తున్నది.”

కాగితం రాసిచ్చాను. ‘ఈ సీడీ ఎంపీత్రీ ఫైళ్ల నుంచి తయారైనది. క్యాసెట్ నుంచి నేరుగా చేసినది కాదు.’ ఆమె దాన్ని రెండుసార్లు చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది. రిప్పింగ్ అయ్యాక సీడీ తీసుకెళ్తానంది. మా ఆవిడ తెచ్చిన మంచినీళ్లు ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. ఆ డిపార్ట్‌మెంటులో నాకు తెలిసినవాళ్లున్నారు. ఆమె మెట్లు దిగగానే వాళ్లకు ఫోన్ చేసి, ఒక అమ్మాయి సీడీ పట్టుకొస్తుంది, నమ్మొద్దని చెప్పేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున టీ తాగుతూ మిగిలిన పాటలు తీస్తున్నాను. బాల్ పెన్ గీతల వల్ల ఏడో పాట దగ్గర డ్రైవు ఆగి ఆగి తిరిగింది. వేగం తగ్గించి, మూడుసార్లు తీస్తే గానీ రాలేదు. తర్వాత ఎనిమిదోది. నిడివి ఏడు సెకన్లు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఏమీ లేదు. వట్టి నిశ్శబ్దం.

ఆ ఏడు సెకన్లు నావి.

అప్పట్లో మా వీధి చివర ఒక సీడీల షాపును, సినిమా పాటలు కాపీ చేస్తున్నారని మూయించారు. అప్పటి నుంచి నాకు భయం. ఎవరి సీడీనో పట్టుకుని ఇది నువ్వు చేసిందేనంటే ఎలా? అందుకని నేను బర్న్ చేసే ప్రతి సీడీ చివర ఏడు సెకన్ల ఖాళీ ట్రాకు పెట్టేవాణ్ణి. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్లలో నేనే మర్చిపోయాను.

మరి ఎంపీత్రీ? అది కూడా నా నిర్వాకమే. అప్పటి నా కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ చిన్నది. క్యాసెట్ల నుంచి తీసిన పెద్ద ఫైళ్లతో నిండిపోయేది. చోటు కోసం వాటిని ఎంపీత్రీలుగా మార్చి, పెద్దవి చెరిపేసి, ఆ ఎంపీత్రీల నుంచే సీడీలు చేసేవాణ్ణి. పైభాగాన్ని కోసింది నేను, దొంగని చేసింది ఆ పిల్లని.

సజ్జ మీది నుంచి పాత రిజిస్టర్లు దింపాను. వచ్చిన ప్రతివాళ్లతో అందులో రాయించేవాణ్ణి: తెచ్చినవారు, పాడింది ఎవరు, సంతకం. 2003 పుస్తకంలో దొరికింది. ‘యాదమ్మ, లేడీస్ హాస్టల్ మెస్.’ పాడింది ఎవరు అన్న చోట ‘నేనే.’ పక్కన ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టిన సంతకం. దాని పక్కన ఎర్ర ఇంకుతో నేను పెట్టిన ప్రశ్న గుర్తు.

ఆమె లీలగా గుర్తొచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను పట్టుకుంది. మెస్‌లో వంట చేసే మనిషికి రికార్డింగేమిటి, బజార్లో కొన్న క్యాసెట్ తెచ్చి తనదంటోంది అనుకున్నాను. ఆ గుర్తు చూస్తుంటే సిగ్గేసింది. ఇరవై ఏళ్ల తేడాతో తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ ఇదే గదిలో అబద్ధాలకోర్లను చేశాను.

డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేసి, నిన్న నేను చెప్పింది తప్పన్నాను. సోమవారం రిజిస్టర్ తీసుకుని రమ్మన్నారు. అంతకంటే ముందు, సరిత రాసిచ్చిన అడ్రస్ పట్టుకుని మౌలాలి వెళ్లాను. సరిత తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

“ఇంకేం రాసియ్యనీకొచ్చిన్రు సార్?”

నిలబడే అంతా చెప్పాను. విన్నాక పక్కకు జరిగింది. లోపల మంచం మీద యాదమ్మ, మెడ చుట్టూ మెత్తటి గుడ్డ. రిజిస్టర్ ఆమె ఒళ్లో పెట్టాను. తన సంతకాన్ని వేలితో తడిమింది. తర్వాత వేలు ఎర్ర గుర్తు మీదికి వచ్చింది. ఇదేంటన్నట్టు నా వైపు చెయ్యి తిప్పింది.

“నమ్మలేదమ్మా అప్పుడు,” అన్నాను. “మొన్న గూడ నమ్మలేదు.”

ఆమె పెన్ను కోసం కూతురి వైపు చెయ్యి చాపింది.

“వద్దమ్మా, గదే మనకు ఆధారం. గీతలు పెడితే ఒప్పుకోరు,” అంది సరిత.

“కొట్టెయ్యనియ్యి బిడ్డా. నేను చెప్పుకుంట,” అన్నాను.

యాదమ్మ ఆ గుర్తును రెండుసార్లు కొట్టేసింది. ఎంత గట్టిగా కొట్టిందంటే కింది పేజీలో కూడా గీత పడింది.

సోమవారం మీటింగులో ఆ కొట్టివేత ఏమిటని అడిగారు. “అక్కడ నా తప్పుండె సార్. ఎవరి మీద రాసిన్నో ఆమెనే దిద్దింది,” అన్నాను. సీడీ చివరి ఏడు సెకన్లు, నా పాత సీడీలు మరో మూడింటి చివరి ఏడు సెకన్లు వినిపించాను. వెబ్‌సైట్‌లో ఇప్పుడు ‘పాడినవారు: యాదమ్మ’ అని ఉంది. పుస్తకంలోనూ అలాగే వచ్చింది.

కూరగాయలు ఇప్పటికీ తూస్తాను. సీడీలూ రెండుసార్లు రిప్ చేస్తాను. ఎవరైనా కాగితం రాసివ్వమంటే మాత్రం, ముందు అందులో నా చెయ్యి ఎక్కడైనా ఉందేమోనని పాత రిజిస్టర్లన్నీ తిరగేస్తాను. మొదటిసారి అలా తిరగేసినప్పుడే ఎర్ర గుర్తులు ఎన్ని ఉన్నాయో చూశాను. యాదమ్మది పోను నలభై ఒకటి. వాళ్లెవరూ మళ్లీ రాలేదు.