చివరి అధ్యాయం ముందు ఆగిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు ఎమ్మిగనూరు నుంచి వచ్చినప్పుడు నేను ఆదోనిలో మా బట్టల అంగడి షట్టరు ఎత్తుతున్నాను. ఫోన్ చేసింది ఆమె పక్కింటి అవ్వ. ముందు కాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ముక్కు చీదుకుని, "కథ కడాకు తేకుండానే పాయె గదమ్మా టీచరమ్మ. ఆ దొరసానిని ఎవురు సంపినారో మాకింక ఎవురు సెప్తారు?" అంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. చావు కబురు చెప్పే ఫోన్లో కూడా ఇంగ్లీషు దొరసాని హత్య గురించి అడిగించుకోగలిగిన మనిషి మా పెద్దమ్మ ఒక్కతే.

ఆమె ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. రిటైరై, పెదనాన్న కూడా పోయాక, ఎమ్మిగనూరు మగ్గాల వీధిలోని సొంత ఇంట్లో ఒంటరిగా ఉండేది. పిల్లలు లేరు. మా అమ్మ పోయినప్పటి నుంచీ నాకు అమ్మ కూడా ఆమే. మా ఇంటికొచ్చి ఉండమని నేను పోరు పెడితే, "మీ ఆదోనిలో పొద్దున లేస్తే పత్తి రేటు తప్ప వేరే మాట లేదు. నేను రాను పో" అనేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధిలోని ఆడవాళ్ళు రాట్నాలు తెచ్చుకుని ఆమె వసారాలో కూర్చునేవాళ్ళు. మగ్గం మీద మగవాళ్ళకు నూలు అందాలంటే వీళ్ళు కండెలు చుట్టి ఇవ్వాలి. చేతులకు పని ఉంది గానీ చెవులు ఖాళీ. ఆ చెవుల్ని పెద్దమ్మ పట్టుకుంది.

కాలేజీ రోజుల నుంచీ ఆమెకు ప్రాణమైన పాత ఇంగ్లీషు నవల ఒకటుంది. చిన్న పల్లెటూరు. పెద్దింటి దొరసాని ఒకరోజు తన గదిలో చచ్చిపడి ఉంటుంది. పాదిరి, డాక్టరు, దొరసాని మేనల్లుడు, తోటమాలి, ఆ ఇంట్లో ఆమెకు తోడుగా ఉండి టీ కాచి ఇచ్చే ఒక ఆడమనిషి. వీళ్ళలో ఎవరో చంపారు. వాళ్ళ ఇంగ్లీషు పేర్లకు మనకు నోరు తిరగదని పెద్దమ్మ వాళ్ళను ఇట్లాగే పిలిచేది. పేజీని కళ్ళతో ఇంగ్లీషులో చదువుకుని, తలెత్తి తెలుగులో చెప్పేది. ఎక్కడా తడుముకోవడం లేదు. ఆ ఊళ్ళో మంచు కురుస్తుందంటే, ఎమ్మిగనూరు ఎండలో కూర్చున్న అవ్వ కొంగు కప్పుకునేది. నేను శుక్రవారం శుక్రవారం బస్సెక్కి పోయి ఆ వింత చూసి, నోరెళ్ళబెట్టుకుని తిరిగొచ్చేదాన్ని.

ఆమెకొక పద్ధతి ఉంది. చివరి అధ్యాయం ముందు కథ ఆపేస్తుంది. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఎవరు చంపారో, ఎందుకట్లా అనుకుంటున్నారో చెప్పాలి. ఒక్కరు మిగిలినా పుస్తకం తెరవదు. బళ్ళోనూ ఇంతేనట. చెయ్యి ఎత్తని పిల్ల పక్కకు పోయి నిలబడి, ఆ పిల్ల నోరు విప్పేదాకా కదిలేది కాదట.

అభిప్రాయాలు చెప్పే రోజు నేను ఉగ్గాని బజ్జీ కట్టించుకుని పోయాను. ముందు అవ్వ అందుకుంది.

"శవం కాడ ఒక్కరన్నా ఏడ్సినారా? పాదిరి వచ్చినాడు, డాక్టరు వచ్చినాడు, పోలీసాయప్ప వచ్చినాడు. అందరూ టీ తాగినారు. రొమ్ము కొట్టుకోని ఏడ్సినోల్లు ఒక్కరు లేరు. ఊరు ఊరంతా కలిసే సంపినారు, పో!"

"వాళ్ళు లోపల్లోపల ఏడుస్తారులే అవ్వా," అంది పెద్దమ్మ.

"లోపల ఏడిస్తే సచ్చినామెకు ఎట్ల తెలుస్తాది?"

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మాట నచ్చినప్పుడు ఆమె చేసే పని అది. వీధి చివరి అక్క డాక్టరును వెనకేసుకొచ్చింది. "డాక్టరు జోలికి పోవద్దండప్పా. ఆ ఊరికి ఉండేది ఒక్క డాక్టరు. ఆయప్పను జైల్లో ఏస్తే, రేపు ఎవురికన్నా జరమొస్తే యాడికి పోవాల?" మరొకామె మేనల్లుణ్ణి పట్టుకుంది. "రోజూ వచ్చి, బాగుండావా అత్తా అని అడుగుతాండాడు. ఏ మేనల్లుడన్నా ఊరికే అడుగుతాడా?" ఎదురింటామె మాత్రం తోటమాలి అని గట్టిగా పట్టుబట్టింది. గులాబీలకు కత్తెర వేసేవాడికి మనుషులొక లెక్కా అని ఆమె వాదన.

నేను ఫోన్ తీసి, ఆ నవల గురించి ఎక్కడెక్కడి వాళ్ళో రాసిన అభిప్రాయాలు వినిపించాను. ఒకరు ఐదు చుక్కలిచ్చారు, ఒకరు కథ నత్తనడక అని రెండే ఇచ్చారు. "చుక్కలెందుకే? మాట చెప్పమను," అని పెద్దమ్మ ఫోన్ పక్కన పెట్టించింది. తన వంతు వచ్చినప్పుడు పాదిరే హంతకుడని, నిజంగా నమ్మినదానిలా, చెయ్యి ఊపి ఊపి వాదించింది. పుస్తకం మొత్తం తెలిసిన మనిషి! తప్పు చెప్పినవాళ్ళు రేపు చిన్నబుచ్చుకోకూడదని ముందు తనే తప్పు చెప్పేది. నేను పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

మిగిలింది ఎదురింటామె కోడలు. ఎప్పుడూ గడప పక్కనే కూర్చుంటుంది, తలెత్తదు. పెద్దమ్మ అడిగితే ముందు అత్తే అందుకుంది. "దానికేం తెలుస్తాది టీచరమ్మా? దానిదీ నాదీ ఒకే మాట. తోటమాలే అనుకో."

"నీ మాట అయిపోయిందమ్మా. నాకు ఆయమ్మ మాట కావాల," అంది పెద్దమ్మ.

ఆ పిల్ల నోరు విప్పలేదు. కథ ఆగిపోయింది. ఆ రోజు, మర్నాడు, ఆ తర్వాత కూడా. అందరూ ఆ పిల్లను ఆడిపోసుకున్నారు. "నీ పుణ్యాన కథ నిలిసిపాయె" అని వెళ్ళేటప్పుడల్లా ఒక మాట విసిరేవాళ్ళు. నాకే జాలేసి, ఆ ఒక్కదాన్నీ వదిలేయరాదా అని ఫోన్లో బతిమాలాను.

"నువ్వు గమనించినావా?" అంది పెద్దమ్మ. "కథ చెప్తాంటే ఆయమ్మ రాట్నం ఒక్కోచోట నిలిచిపోతాది. మళ్ళీ తిరుగుతాది. నిలిచిన చోటల్లా ఆయమ్మకు ఏదో తట్టినట్లే గదా. అదేందో వినకుండా పుస్తకం ఎట్ల మూస్తాను?"

అన్ని రాట్నాలు గిర్రుమంటుంటే, కథ చెబుతూ చెబుతూనే, ఏ రాట్నం ఆగిందో వినే చెవి అది! ఆ పిల్లను మాత్రం ఒత్తిడి చేసేది కాదట. రోజూ ఒక్కసారి, "ఏమమ్మా, ఏమనుకున్యావు?" అని అడిగి, "తొందరేం లేదులే, పుస్తకం యాడికి పోతాది" అనేదట. పుస్తకం పోలేదు. జ్వరం పట్టుకుంది, ఒక తెల్లవారుజామున ఆమే పోయింది.

కర్మ అయిపోయిన మర్నాడు వీధి ఆడవాళ్ళు వసారాలోకి వచ్చారు. రాట్నాలు తెచ్చుకున్నారు. "నువ్వు సదువుకున్నదానివే గదమ్మా. ఆ కడాది సదివి సెప్పు. ఆయమ్మ రుణం తీరినట్లుంటాది," అంది అవ్వ. పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టుకుని చివరి అధ్యాయం తీశాను. చదవబుద్ధి కాలేదు. పెద్దమ్మ పద్ధతిని ఆమె వసారాలోనే కాలరాయడానికి నాకు మనసొప్పలేదు. గడప పక్కకు తిరిగి, "ఏమమ్మా, నువ్వేమనుకున్నావు?" అన్నాను.

"అదెక్కడ సెప్తాదమ్మా. తోటమాలే అని..." అత్త మొదలుపెట్టింది.

"నీ మాట పెద్దమ్మ ముందే వినిందిలే అక్కా," అన్నాను. కటువుగానే అన్నాను.

అందరూ చూస్తున్నారు. ఆ పిల్ల కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"టీ ఇచ్చే ఆయమ్మ," అంది.

"ఎందుకనిపించింది?"

"పోలీసాయప్ప వచ్చి పాదిరిని అడిగినాడు, డాక్టరును అడిగినాడు, తోటమాలిని గూడ అడిగినాడు. అందరూ ఆయమ్మ సేతి టీనే తాగినారు. ఆయమ్మను మాత్రం ఒక్క మాట అడగలే. అన్నేండ్లు ఆ ఇంట్లోనే ఉండాది. నీకేమన్నా కావాలా, నువ్వేమనుకుంటాండావు అని ఎవురూ అడగలే." కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "టీచరమ్మ నన్ను రోజూ అడుగుతాండె. రేపు సెప్దాం, రేపు సెప్దాం అనుకుంటి."

అంతే, భోరున ఏడ్చేసింది. పెద్దమ్మ పోయిన రోజు కూడా నేనంతగా కదిలిపోలేదు. ఆమె ఎవరి నోట ఏ మాట కోసం అన్ని రోజులు ఆగిందో నాకప్పుడు అర్థమైంది.

తోటమాలో, డాక్టరో, టీ ఇచ్చే మనిషో, పుస్తకం చెప్పిన జవాబు నేనిక్కడ రాయను. మీరూ ముందు మీ మాట చెప్పాలి.

వసారాలో ఒక్క రాట్నమూ తిరగడం లేదు. ఎదురింటామె తన రాట్నం పక్కకు నెట్టి, గడప దాకా జరిగి, కోడలి ఎదురుగా కూర్చుంది.

"ఇంకా ఏమనిపించిందే నీకు? సెప్పు, వింటాను," అంది.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, మెల్లగా మొదలుపెట్టింది. అవ్వ వినపడక ఇంకొంచెం ముందుకు వంగింది. చివరి అధ్యాయం నా ఒళ్ళో తెరిచే ఉంది. దానివైపు ఎవరూ చూడటం లేదు.