వెనక పన్ను నుంచి మొదలు

జనగామలో నేను పనిచేసే పళ్ళ దవాఖానలో ప్రతి కొత్త పేషెంటుకూ ఒకే పాఠం చెబుతాను. చేతులు శుభ్రంగా కడుక్కోండి. అద్దం ముందు నిలబడండి. తొడుగును ముందు పళ్ళ దగ్గర పట్టి లాగకండి. చిట్టచివరి దవడ పన్ను దగ్గర, లోపలివైపు నుంచి వేలికొస ఆనించి మెల్లగా వదులు చేయండి. రెండో వైపు కూడా అలాగే చేయండి. రెండు వైపులా వదులయ్యాకే ముందుకు రండి. ఇంత చెప్పాక కూడా నూటికి తొంభై మంది చేతులు నేరుగా ముందు పళ్ళ మీదికే పోతాయి. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. డాక్టరమ్మ చూస్తూ ఉంటుంది కాబట్టి నవ్వు మొహం పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెబుతాను.

వంకర పళ్ళనూ ఎత్తు పళ్ళనూ సర్దడానికి వేసే పల్చటి ప్లాస్టిక్ తొడుగులవి. అలైనర్లు అంటారు. గాజులా ఉంటాయి, పెట్టుకుంటే ఎదుటివాళ్ళకు కనిపించవు. తిండికీ పళ్ళు తోముకోవడానికీ తప్ప పొద్దంతా రాత్రంతా నోట్లోనే ఉండాలి. పెట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. తీయడం సరిగ్గా రాకపోతే తొడుగు పగులుతుంది, చిగురు గీసుకుపోతుంది, ఇంకో తొడుగు వచ్చేలోపు సర్దుకున్న పళ్ళు మళ్ళీ పాత చోటికి బయల్దేరతాయి. అందుకే నా పాఠం మీద నాకు అంత పట్టుదల.

మా చుట్టాలకు మాత్రం నా ఉద్యోగమంటే చిన్నచూపు. భూపాలపల్లిలో ఉండే మా మేనత్త నన్ను చూసినప్పుడల్లా, "మంది ఎంగిల్ల చేతులు పెట్టే పనేంది పిల్లా, ఇంకేం దొర్కలేదా" అనేది. మరిపెడ పక్కన మా ఊళ్ళో ఎవరైనా అడిగితే, అమ్మ "జనగామల ప్రైవేటు జాబు" అని మాట తప్పించేది. అమ్మ మీద నాకు కోపం లేదు. మేనత్త నోటికి ఆమె భయపడేది. పెళ్ళై వచ్చిన కొత్తలోనే ఆమెకు "ఎత్తుపండ్లది" అని పేరు పెట్టింది కూడా ఆ ఆడబిడ్డే.

అమ్మ ముందు పళ్ళు నిజంగానే బాగా ముందుకు ఉండేవి. నవ్వు వస్తే చాలు, కొంగు నోటి మీదికి వచ్చేది. పొలంలో నలుగురూ విరగబడి నవ్వుతుంటే అమ్మ భుజాలు మాత్రమే కదిలేవి. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళు చూసే నేను మా అమ్మ నవ్వు ఎట్లా ఉంటుందో చూడలేదు.

ఒకసారి దవడ పన్ను నొప్పి పుడితే ఆమెను జనగామకు రప్పించాను. మరిపెడ నుంచి మహబూబాబాదుకు బస్సు, అక్కడి నుంచి రైలు. డాక్టరమ్మ నొప్పి పన్ను సంగతి చూసి, ముందు పళ్ళ వైపు చూసి, చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి, ఈ వయసులో కూడా సర్దవచ్చు అంది. అమ్మ వద్దంటుందని నేను అనుకుంటుండగానే నెమ్మదిగా అడిగింది.

"మేడం, అవి పెట్టుకుంటె ఎవ్వలకు కానరావా?"

"కనిపించవమ్మా."

"అయితె పెట్టుండ్రి."

బయటికి వచ్చాక అమ్మ ఒకటే షరతు పెట్టింది. మా బాపుకు తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియకూడదు. నోట్లోది తీసి మళ్ళీ నోట్లో పెట్టుకుంటుందని తెలిస్తే, ఎంగిలి ఎంగిలి అని పక్కన కూర్చుని తిననివ్వరట. ముఖ్యంగా భూపాలపల్లికి ఈ కబురు చేరకూడదు.

దవాఖాన అద్దం ముందు అమ్మ ఒక్కసారికే నేర్చుకుంది. కుడి దవడ, ఎడమ దవడ, ఆ తర్వాత ముందు. నేను పొంగిపోయి పంపించాను. మిరప ఏరే రోజులు వచ్చేదాకా అంతా బాగానే నడిచింది.

ఒక రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "బిడ్డా, నోట్లది పలిగింది."

దగ్గరున్న తర్వాతి తొడుగు పెట్టుకోమని చెప్పి, ఆదివారం పొద్దున్నే ఊరికి పోయి నేరుగా చేనుకే నడిచాను. మధ్యాహ్నం కూలీలంతా గట్టు మీద సద్దులు విప్పుతున్నారు. అమ్మ ఒక్కతే మోటారు కొట్టం వెనక్కి పోయింది. వెంట పోయి చూద్దును కదా, గాజులకు పెట్టుకున్న పిన్నీసు తీసి, దాని కొనను ముందు పళ్ళ దగ్గర తొడుగు కిందికి దూర్చి పైకి లాగుతోంది.

"అమ్మా, ఏం జేస్తానవే? పిన్నీసు పెట్టి తీస్తరా ఎవలన్న? గట్లనేనా నేను నేర్పింది?"

అమ్మ ఉలిక్కిపడింది. చిగురు మీద చిన్న రక్తపు చుక్క. "మెల్లగనవే, గట్టు మీదోళ్ళు ఇంటరు. మిరప చేతులు నోట్లె ఎట్ల పెట్టుకోవాలె? మొదట్ల పెట్టిన, నోరంత మంట లేచింది. ఎంత కడిగినా పోతలేదు."

చేతిలోని తొడుగు చూశాను. సరిగ్గా ముందు పళ్ళ దగ్గర వెంట్రుకవాసి పగులు. ఇది రెండోది. నేను ఇంకా ఏదో అనబోతుంటే అమ్మ తొడుగును డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఇంకోటి పలిగితె బంద్ చేస్త బిడ్డా. గిన్నేండ్లు నవ్వకుంట బతికిన. ఉన్నన్ని దినాలు గట్లనే బతుకుత."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. జనగామ అద్దం ముందు నేను చెప్పే పాఠం మిరపకాయ పట్టని చేతుల కోసం తయారైంది. చేతులు కడుక్కోమంటే సరిపోతుందని అనుకున్నాను. కాయ ఘాటు వేళ్ళకు పడితే నీళ్ళకు పోదని మిరపచేనులో పుట్టి పెరిగిన నాకు ఎందుకు తట్టలేదో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ మధ్యాహ్నం నేనూ కాయలు ఏరి, చేతులు బాగా మండేదాకా ఆగి, ఒక్కో పద్ధతీ చూస్తూ పోయాను. ఉత్త సబ్బుతో కడిగి వేలు నాలుకకు ఆనించాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ తన కొంగుతో నా మూతి తుడిచింది. ఆ కొంగు నిండా మిరప దుమ్మే. ఈసారి మూతి కూడా మండింది. అమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చివరికి పల్లీనూనె వేళ్ళకు, గోళ్ళ సందుల్లో బాగా రుద్ది, ఆ మీద సబ్బుతో కడిగి, ఉతికిన బట్టతో పొడిగా తుడుచుకుంటే నాలుకకు ఏమీ తెలియలేదు. పొడి వేలికి తొడుగు జారకుండా పట్టు కూడా దొరికింది. అమ్మ ఆ తొడుగే మళ్ళీ పెట్టుకుని, అక్కడే నిలబడి పిన్నీసు లేకుండా తీసింది. కుడి దవడ, ఎడమ దవడ, తర్వాత ముందు.

అయితే నూనె సీసా, సబ్బు, బట్ట, అద్దం పట్టుకుని రోజూ మోటారు కొట్టం వెనక్కి పోతే సంగతి దాగుతుందా? కొద్ది రోజులకే కూలీలందరికీ తెలిసిపోయింది. వాళ్ళలో పక్క తండా నుంచి వచ్చే ఒక అక్క ఉంది. ఆమె అమ్మను గట్టు మీద కూర్చోబెట్టి, "దొంగతనం చేస్తున్నవా ఏంది, ఈడనే తియ్యి" అని తనే అద్దం పట్టుకుందట. ఎంగిలి అని ఎవరూ జరిగి కూర్చోలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏదో ధైర్యం.

ఇక మిగిలింది భూపాలపల్లి. ఎండాకాలంలో మేనత్త కొత్త ఇంట్లో పాలు పొంగించింది. మహబూబాబాదు దాటింది మొదలు అమ్మ ఒకటే గొణుగుడు. "నేనాడ తినను. ఉపాసమని చెప్త." నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మాట్లాడితే బస్సంతా వినిపించేలా అరుస్తానని నాకు తెలుసు.

బంతిలో కూర్చున్నాం. నేను అమ్మకు ఎదురు వరుసలో పడ్డాను. విస్తరాకుల్లో అన్నం, పప్పు పడ్డాయి. అందరూ కలుపుతున్నారు, అమ్మ కూర్చునే ఉంది. మేనత్త వచ్చి ఆమె ముందు నిలబడింది.

"ఏందే, తింటలేవు? మా ఇంట్ల బువ్వ మెతుకు ముట్టవా?"

తొడుగుతోనే తింటే పగలవచ్చు, పసుపు పట్టడం మాత్రం ఖాయం. తినకపోతే ఇంటివాళ్ళకు అవమానం. లేచి దొడ్లోకి పోతే మళ్ళీ మోటారు కొట్టమే. నేను సగం లేచాను. అమ్మ నా వైపు చూసి కూర్చోమన్నట్టు తల ఊపింది. గ్లాసు నీళ్ళు పక్కకు వంచి వేళ్ళు కడుక్కుంది, సంచిలోంచి ఉతికిన బట్ట తీసి తుడుచుకుంది. అందరి ముందే కుడి దవడ దగ్గర వేలు ఆనించింది. తర్వాత ఎడమ. తర్వాత ముందు. తొడుగు వచ్చి డబ్బాలో పడింది. అద్దం కూడా లేదు. మా దవాఖానలో అంత శుభ్రంగా తీసిన పేషెంటును నేను చూడలేదు.

మేనత్త మొహం చిట్లించింది. "ఛీ, బంతిల ఎంగిలేందే?"

"నా నోట్లదే గద వదినె, నీ ఇస్తారాకుల పెట్టలేదు గద," అంది అమ్మ. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. "పండ్లు సక్కగ జేసుకుంటాన. గిట్ల తీసుడు నా బిడ్డ నేర్పింది. పండ్ల దవాఖానల అందరికి నేర్పేది ఆమెనే. నువ్వంటవు సూడు, మంది నోట్లె చెయ్యి పెట్టే పని, గదే."

బంతి మొత్తం నవ్వింది. అమ్మకూ నవ్వు ఆగలేదు. అలవాటు కొద్దీ చేయి కొంగు అందుకుని పైకి లేచింది, గడ్డం దాకా వచ్చి ఆగింది, కొంగు వదిలేసి పప్పు కలపడానికి దిగింది. అంత పెద్ద నవ్వు ఆమె దగ్గర ఉందని నాకు తెలియదు. నా ఉద్యోగం గురించి నేను అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

తిన్నాక కుళాయి దగ్గర చేతులు కడుగుతుంటే మేనత్త పక్కకు వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "బిడ్డా, ఎనుక పన్ను ఒకటి శాన రోజుల సంది సలుపుతాంది. జర సూస్తవా?"

ఏమన్నా అనాలని నోటి దాకా వచ్చింది. అయినా సబ్బు అడిగి తీసుకుని చేతులు మోచేతుల దాకా మళ్ళీ కడిగాను. "నోరు తెరువు అత్తా," అన్నాను. మేనత్త వాకిట్లోనే, అందరూ చూస్తుండగా నోరు తెరిచింది. అమ్మ పక్కన నిలబడి ఫోన్ లైటు పట్టుకుంది. ఇంకా నవ్వుతూనే ఉంది, కొంగు భుజం మీదే ఉంది.