పాత సెల్ ఏదండీ?

మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. తణుకులో ఉండేవాళ్లం. కాలవ పనుల్లో మావారు వాడే పాత కాలిక్యులేటర్, ఆపగానే మెమరీలో ఉన్నవన్నీ పోగొట్టుకుంటోంది. ఓ ఆదివారం దాన్ని విప్పి, లోపలి బిళ్ల సెల్ మార్చి, "ఇదిగో, ఇప్పుడన్నీ నిలుస్తున్నాయి!" అని సంబరంగా చూపించారు. అంతలో పక్కనే ఆడుకుంటున్న పాప దగ్గుతూ చొంగ కార్చడం మొదలుపెట్టింది.

"పాత సెల్ ఏదండీ?" అన్నాను.

ఆయన చాప ఎత్తి దులిపారు. "ఇక్కడే పెట్టానే!" అన్నారు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే పాప గొంతు కింద తెల్లటి బిళ్ల కనిపించింది.

"ఆలస్యమైతే సెల్ తగిలినచోట లోపల కాలిపోతుందమ్మా" అంటూ డాక్టరుగారు పాపను వెంటనే లోపలికి తీసుకెళ్లి, గొట్టం వేసి దాన్ని బయటికి తీశారు. పాప ఏడుపు వినపడ్డాక గానీ నాకు ఊపిరాడలేదు.

ఇప్పుడు తను ఉద్యోగం చేస్తోంది. అయినా మా ఇంట్లో ఎవరు గడియారం సెల్ మార్చినా, పాతది నా చేతికి ఇచ్చేదాకా నేనక్కణ్ణుంచి కదలను.