మూడు నెలల పెట్టె

మా సంగీతం మాస్టారు పోయారన్న కబురు నాకు సాలూరు బస్టాండులో తెలిసింది. నేను బస్సు కండక్టర్ని. విజయనగరం ట్రిప్పుకి టికెట్లు కొడుతుంటే ఆయన భార్య ఫోను చేసి, "మీ మాస్టారు తెల్లారగట్ల వెళ్లిపోయారమ్మా" అంది. మిగతా టికెట్లు కొట్టాను గానీ ఎవరికి ఎక్కడికి కొట్టానో నాకే తెలీదు. రామభద్రపురంలో దిగాల్సిన ముసలాయన, గజపతినగరం టికెట్టు చేతికిచ్చానని నన్ను తిట్టుకుంటూ దిగాడు.

నలభై మూడేళ్లకి కీబోర్డు నేర్చుకుంటానంటే మా డిపోలో అందరూ నవ్వారు. నవ్వనిది మాస్టారొక్కరే. ప్రతి ఆదివారం విజయనగరంలో ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. గుమ్మంలోనే "సేతులు కడుక్కో, సిల్లర వాసనొస్తాది" అనేవారు. కడుక్కుని వస్తే భుజం మీద తువ్వాలు తీసి ఇచ్చేవారు. తప్పు వాయిస్తే తప్పని అనేవారు కాదు. కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకునేవారు. మళ్లీ పెట్టుకున్నారంటే నేను సరిదిద్దుకున్నట్టు.

మొదటి కీబోర్డు కొనడానికి ఆయనే నన్ను దుకాణానికి తీసుకెళ్లారు. దారి పొడవునా పాఠమే. "లైట్లు సూసి మోసపోకు. వంద రకాల సప్పుళ్లున్నాయంటాడు, మనకొక్కటి సాలు. మెట్టు నొక్కితే వేలికి ఎదురు తన్నాలి. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. ఎవడి మాటా ఇనకు, నీ సెవి మాట ఇను."

అలాగే విన్నాను. అరవై ఒక్క మెట్లది ఒకటి అచ్చం ఆయన చెప్పినట్టే పలికింది. మరీ ఖరీదైనది కూడా కాదు, నా స్తోమతకు అందేదే. దాని దగ్గరే నిలబడిపోయాను. మాస్టారు మాత్రం పక్క బల్ల మీద ముప్పై రెండు మెట్ల చిన్న పెట్టె చూపించి "నీకిది సాలమ్మా" అన్నారు. ఎలా నొక్కినా ఒకే గొంతుతో అరిచే పెట్టె అది. నా జీతం రాళ్లు తలుచుకుని అన్నారనుకున్నాను. లోపల దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఆయన నాకు నేర్పిన శ్రుతిలో ఆ పెట్టె పై స్థాయి మధ్యమం దగ్గర అయిపోతుంది. పంచమానికి మెట్టు లేదు. అక్కడంతా ప్లాస్టిక్ అంచే. పాట అంత పైకి ఎక్కినప్పుడల్లా నేను చేయి ఆపేదాన్ని, ఆ పంచమం మాస్టారు తన బొంగురు గొంతుతో పాడేవారు. "లేదని ఏడవకు, ఉన్నాటిలోనే ఎతుక్కో" అనేవారు. ఆ మాట ఎంత గొప్పగా దాచుకున్నానో. బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయినా, ఇంట్లో సరుకులు నిండుకున్నా అదే చెప్పుకునేదాన్ని. రెండో ఏడు పెద్దది కొనుక్కుంటాను మాస్టారూ అంటే, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. నేనేం తప్పు వాయించానా అనుకున్నాను. చివరికి "ఇప్పుడేటి తొందర" అన్నారు.

పన్నెండో రోజు భోజనాల్లో ఆ దుకాణం ఆయన నా పక్కన కూర్చున్నాడు. "ఏటప్పా, ఇంకా ఆ మూడు నెల్ల పెట్టే వాయిస్తన్నావా?" అన్నాడు.

"మూడు నెల్లేటి?" అన్నాను.

"పెద్ద వయసోలు నేర్సుకుంతామని వస్తే మాస్టారు నాకు ముందే ఫోన్ సేసీవోరు. మూడు నెల్లకి మానేస్తారు, సిన్నది సూపించు, తరవాత ఇంట్లో పిల్లలు ఆడుకుంతారు అనీవోరు. నీకూ అలాగే సెప్పేరు. నువ్వొక్కదానివే మానలేదు."

నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. నేను విస్తరి మడిచేశాను. మా ఇంట్లో ఆడుకునే పిల్లలు లేరని మాస్టారికి తెలుసు.

డిపోలో వాళ్లు నా ముఖం మీదే నవ్వారు. ఆయన నవ్వకుండా అదే అనుకున్నారు. పోనీ, మొదట్లో ఎవరైనా అనుకుంటారు. నాలుగేళ్లు ఒక్క ఆదివారం మానకుండా వెళ్లాను కదా. నీ గురించి పొరపాటు పడ్డానమ్మా అని ఒక్కసారి అంటే ఏం పోయింది? ఆ మాట అనలేక, లేని మెట్టుకి వేదాంతం అంటగట్టారు. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదంటారు. నాకు చెవి ఇచ్చింది ఆయనే, అందుకు చచ్చేదాకా రుణపడి ఉంటాను. ఆ చెవి మాట విననివ్వంది కూడా ఆయనే. క్షమించానని మాత్రం ఇప్పుడే చెప్పలేను.

మొన్న ఆదివారం పాఠం లేదు. అదే దుకాణానికి వెళ్లి అరవై ఒక్క మెట్లది కొనుక్కొచ్చాను. చేతులు కడుక్కుని కూర్చుని, ఆయన చివరగా నేర్పిన పాట మొదలుపెట్టాను. మెల్లగా నొక్కితే మెల్లగానే పలికింది. పాట పై మధ్యమం దాకా ఎక్కింది. ఈసారి పంచమం నా వేలి పక్కనే ఉంది, తెల్లగా, ఎవరూ ముట్టుకోకుండా. చేయి మాత్రం ఆగిపోయింది, ఆయన అందుకుంటారని.