కుందేళ్ల ఊపిరి తెలిసిన మా బావ

మొన్న గోపాలపట్నంలో మా పక్కింటాయనకి న్యుమోనియా ముదిరి ఆసుపత్రిలో చేర్చారంటే చూడడానికి వెళ్లాను. ఆయన్ని బోర్లా పడుకోబెట్టి యంత్రంతో ఊపిరి ఆడిస్తున్నారు. ఊపిరితిత్తులు వాచి నీరు నిండిపోయాయనీ, దీన్ని ఏఆర్‌డీఎస్ అంటారనీ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నాలాంటి ముసలమ్మకి అర్థమయ్యేలా ఓపిగ్గా చెబుతూంటే, ఆ జబ్బుని నేను నలభై ఏళ్ల కిందటే ఎరుగుదునని చెప్పబోయి ఊరుకున్నాను. నేనెరిగింది మనుషుల్లో కాదు, కుందేళ్లలో.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను విశాఖలో ఒక వైద్య ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. మా ప్రొఫెసరు మేడంగారు నూలు చీర మీద తెల్లకోటు వేసుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చునే మితభాషి. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీంచి నీళ్లలోకి జారిపడ్డ జాలరి ఒకడు, ఒడ్డుకి చేర్చాక లేచి కూర్చుని కబుర్లు చెప్పినవాడు, మర్నాటికి ఊపిరాడక ఆవిడ కళ్లముందే పోయాడట. బయటపడ్డవాడి ఊపిరితిత్తులు మళ్లీ ఎందుకు నిండిపోయాయన్న ప్రశ్న ఆవిడని వదల్లేదు. అది తేల్చడానికే ఆ కుందేళ్లు. మత్తిచ్చి, చెవి నరంలోకి ఓలియిక్ ఆసిడ్ అనే నూనెలాంటి ద్రవం ఎక్కిస్తే వాటి ఊపిరితిత్తులు కూడా ఇంచుమించు అలాగే దెబ్బతింటాయి. పోల్చి చూడడానికి మరికొన్నిటికి వట్టి ఉప్పునీరు ఎక్కించేవాళ్లం. మత్తులోనే వాటి ప్రాణం పోయాక ఊపిరితిత్తులు తూచి పుస్తకంలో రాయడం నా పని.

కుందేళ్ల కొట్టం చూసుకునేది మా అక్క భర్త, మా బావ. ఎలమంచిలి దగ్గరి పల్లెలో పొలం అన్నదమ్ములకి వదిలి పట్నం చేరిన రైతు. అయిదో తరగతితో చదువాగినా, పశువు చెవి వాలిన తీరు చూసి దాని కడుపులో బాధ చెప్పేవాడు. ప్రతి కుందేలునీ తనే ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మత్తు ఎక్కేదాకా వీపు నిమురుతూ నిలబడేవాడు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆ గదిలో ఉండేవాడు కాదు.

దాదాపు ఏడాది పని అయ్యాక చిక్కు వచ్చిపడింది. ఉప్పునీరు ఎక్కించిన కుందేళ్ల ఊపిరితిత్తులు కూడా బరువుగా, మచ్చలతో ఉంటున్నాయి. నా త్రాసే తప్పు చూపిస్తోందేమోనని పదేపదే సరిచూసుకున్నాను. తాత్కాలికపు ఉద్యోగం, తప్పు నాదని తేలితే ఇంటికి పోవాల్సిందేనని భయం. పైగా మేడంగారు పెద్ద సభలో ఆ ఫలితాలు చదవడానికి నెల రోజులే ఉంది.

ఒక ఉదయం ఆవిడ కొట్టంలోకే వచ్చి నిలబడితే, బావ ఒక కుందేలుని ఎత్తి చూపించాడు.

"ఈటికి మందెక్కించక ముందే రొంపుందండి. ముందుకాళ్లు సూడండి, ముక్కు తుడుసుకుని తుడుసుకుని బొచ్చు అట్టకట్టీసింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవులడిగారండి?"

మేడంగారు మేత బస్తా మీద కూర్చుని ఒక్కో కుందేలు ముందుకాళ్లూ తిప్పి చూశారు. బజారు నుంచి వచ్చిన కుందేళ్లు మా దగ్గరికి రాకముందే ఊపిరితిత్తుల్లో జబ్బు మోసుకొస్తున్నాయి. దాని మీద మేము చేసిన హాని ఎంతో, ముందున్నది ఎంతో ఎవరు తేల్చగలరు? పైవాళ్లలో ఒకరు, కుందేలు ముక్కు ఎవరు చూడొచ్చారు, చదివేయమని సలహా ఇచ్చారు. ఆవిడ వినలేదు. ఏడాది రాతని నా ముందే అడ్డంగా కొట్టేసి, సభకి రానని ఉత్తరం రాశారు. దాంతో ఆవిడకి రావలసిన పదోన్నతి మరొకరికి పోయింది. ఆ కోపంలో నేను బావతో కొన్నాళ్లు మాట్లాడలేదు. "నిజం సెప్తే తప్పేటి మరదలా" అని ఒక్కసారి అన్నాడంతే.

తర్వాత వాళ్లిద్దరూ కలిసి కొత్తగా మొదలుపెట్టారు. బావ తన ఊరి చుట్టుపక్కల వెతికి ఆరోగ్యమైన జంటలు తెచ్చాడు. గాలి ఆడేలా గోడకి కిటికీలు పెట్టించాడు. ఉచ్చ వాసనకి కళ్లు మండకుండా రోజుకి రెండుసార్లు గడ్డి మార్చేవాడు. ఎనభయ్యో దశకంలో అడుగుపెట్టాక ఆ జంటల పిల్లలతో మళ్లీ ప్రయోగం చేస్తే, ఉప్పునీటి కుందేళ్ల ఊపిరితిత్తులు తేలిగ్గా, లేత గులాబీ రంగులో వచ్చాయి. మేడంగారు బావని పిలిపించి అవీ, దెబ్బతిన్నవీ పక్కపక్కన చూపించారు. ఎప్పుడూ ఆ గదిలో ఆగనివాడు చాలాసేపు చూసి, రెండిటికీ దణ్ణం పెట్టాడు. అచ్చయిన వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆవిడ రాయించిన మొదటి పేరు ఆయనదే.

బావ ఉద్యోగం మానే రోజున, ఇన్ని ప్రాణాలు పోయినందుకు మందేమైనా దొరికిందా అని అడిగాడు. "ఇంకా లేదు. జబ్బు ఎలా మొదలవుతుందో కొంచెం తెలిసింది, అంతే" అన్నారావిడ, తల దించుకుని.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఒక్క ప్రాణిని ముట్టుకోవాలన్నా ఈ రోజుల్లో కమిటీ అనుమతి కావాలట, జబ్బు లేదని పరీక్షలు చేసిన కుందేళ్లే వస్తాయట. మంచిదే, మా రోజుల్లో లేని దయ అది. కానీ ఒక పనివాడి మాట విని తన ఏడాది కష్టాన్ని కొట్టేసుకున్న చెయ్యి మళ్లీ ఎక్కడా నాకు కనబడలేదు. ఆ జబ్బుకి నేరుగా మందు ఇంకా రాలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఆ మాట బావకి ఎవరు చెబుతారా అనిపించింది.