మాలన్ అక్క నాటకానికి వెళ్ళిన రోజు

మా తోడికోడలు మాలన్ మిరజ్‌లో తాలీం, అంటే కుస్తీలు నేర్పే వ్యాయామశాల, నడిపిన గణపత్ పహిల్వాన్ కూతురు. మనిషి పొడగరి, గొంతు పెద్దది. సాతారా జిల్లా వాయి పక్కన ఉన్న మా ఊళ్ళో ఆమె మాట్లాడితే మూడిళ్ళ అవతలికి వినపడుతుంది. నేను ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన రోజు నా ట్రంకు పెట్టె ఒంటి చేత్తో అటక మీదికి ఎక్కించి, "ఈ ఇంట్లో తిండికి లోటు లేదు రంజనా, నవ్వుకే కరువు" అంది.

మిరజ్‌లో వాళ్ళింట్లో అందరికీ నాటకాల పిచ్చి. తండ్రి పొద్దున కుస్తీ నేర్పి, సాయంత్రం పిల్లల్ని వెంటేసుకుని నాటకానికి వెళ్ళేవాడట. మా అత్తగారు తానూబాయికి మాత్రం నాటకం పేరెత్తితేనే మంట. పెళ్ళైన కొత్తలో అక్క సాతారాకి మంచి నాటకం వచ్చింది, వెళ్దామని అడిగిందట. "మొహాలకి రంగులేసుకుని గంతులేసేవాళ్ళని చూడ్డానికి మా ఇంటి కోడలు పోతుందా? రేపు నేనూ వేస్తానంటావు!" అని అత్తయ్య నలుగురిలో దులిపేసింది. బావగారు హణమంతరావు తల్లి ముందు నోరు విప్పే మనిషి కాదు. అక్క మళ్ళీ అడగలేదు. కానీ ఆదివారం పేపరు రాగానే నాటకాల ప్రకటనల పేజీ ముందు పరుచుకుని, జొన్న భాకరీలు తడుతూ గట్టిగా చదివేది.

"చదివింది చాలు, పెనం మాడుతోంది" అని అత్తయ్య గదిలోంచి అరిచేది.

"మాడిందే మీ కంచంలో వేస్తాను" అనేది అక్క. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు.

పోయిన మే నెలలో ఒక రాత్రి భోజనాల దగ్గర అక్క, "ఆదివారం మనమంతా పుణె వెళ్తున్నాం. సాయంత్రం నాటకం, తర్వాత హోటల్లో భోజనం. టికెట్లు తీసుకున్నాను" అంది.

బావగారి చేతిలో భాకరీ ముక్క అలాగే ఉండిపోయింది. "అమ్మని అడిగావా?"

"అడగలేదు. ఆమెకీ టికెట్ తీశాను."

"నేను రాను. నా మోకాళ్ళు పనిచెయ్యవు" అంది అత్తయ్య.

"మిమ్మల్ని వదిలేసి వెళ్తే వచ్చే మే దాకా దెప్పుతారు. ఆ గోల నేను పడలేను. వస్తున్నారు, అంతే."

అత్తయ్య మళ్ళీ నోరు తెరిచేలోగా, వాయి, పాంచ్‌గణి మధ్య జీపు తోలే మా ఆయన దినకర్ చెయ్యి కడుక్కుంటూ, "ఆదివారం బేరాలు మానేస్తాను వదినా" అనేశాడు. ఇక కాదనడానికి ఎవరూ మిగల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. అత్తయ్య ఆకుపచ్చ తొమ్మిది గజాల చీర కట్టుకుని, ముక్కుకి నత్తు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. రానన్న మనిషి నత్తు ఎందుకు పెట్టుకుందో ఎవరం అడగలేదు. ఖంబాట్కీ బోగదా దాటి శిరవళ్ దగ్గరికి వచ్చేసరికి వెనక టైరు పంచరైంది. మా ఆయన స్టెప్నీ దించాడు గానీ చక్రం బోల్టులు పట్టేసి ఊడిరావడం లేదు. నెత్తిన ఎండ మండుతోంది.

"అప్పుడే చెప్పాను. దేవుడికే ఇష్టం లేదు. ఇంటికి పోదాం పదండి" అంది అత్తయ్య.

"దేవుడికి ఆదివారం వేరే పనులుంటాయి అత్తయ్యా, మన టైర్ల వెంట పడడు" అంటూ అక్క కొంగు బిగించి, పానా మీద రెండు కాళ్ళూ వేసి నిలబడింది. కిర్రుమంటూ మొదటి బోల్టు కదిలింది. తర్వాతవి మాట విన్నాయి. అవతల చెరకు రసం బండి దగ్గరున్న వాళ్ళు చప్పట్లు కొడితే అక్క వాళ్ళకి ఎదురు దండం పెట్టింది. బావగారు సిగ్గుపడి టోపీ సర్దుకున్నారు.

పుణెలో ట్రాఫిక్ దాటుకుని హాలు చేరేసరికి మొదటి గంట మోగింది. మూడో గంటకి తెర లేస్తుంది. మావి బాల్కనీ సీట్లు. పైకి నిలువుగా మెట్లు. లిఫ్టు లేదు. అత్తయ్య ఆ మెట్ల వైపు చూసి కింద బెంచీ మీద చతికిలబడింది.

"మీరెళ్ళండి. నేనిక్కడే కూర్చుంటాను."

ఆ గొంతులో గెలిచానన్న ధీమా ఉందని నాకనిపించింది. ఆమెను ఒంటరిగా వదిలి కొడుకులు పైకి వెళ్ళరు. కొడుకులు వెళ్ళకపోతే నాటకమూ లేదు. రెండో గంట మోగింది. బావగారు, "పోనీ మాలన్, ఇంకోసారి..." అని మొదలుపెట్టారు.

అక్క ఆయన మాట పూర్తి కానివ్వలేదు. అత్తయ్యకి వీపు చూపించి కింద కూర్చుంది. "ఎక్కండి."

"ఎక్కడమేంటి? నేనేమన్నా పసుపు బస్తానా?"

"పసుపు బస్తా అయితే నోరు మూసుకుని ఉండేది. ఎక్కండి, గంట కొట్టేస్తారు."

ఏం తోచిందో గానీ, అత్తయ్య రెండు చేతులూ అక్క మెడ చుట్టూ వేసింది. అక్క ఒక్క ఊపున లేచింది. మెట్ల మీది జనం గోడకి అతుక్కుని దారి ఇచ్చారు. అత్తయ్య వీపు మీద నుంచే, "కొంగు తొక్కుతావు, చూసుకో! ఒరే దినకర్, నా చెప్పు పడిపోయింది!" అని అరుస్తోంది. నేను చెప్పు పట్టుకుని వెనక పరుగెత్తాను. అక్కని సీట్లో కూర్చోబెట్టి గాలి విసురుదామనుకునేలోగా మూడో గంట మోగి తెర లేచింది.

నాటకంలో ఒక ముసలావిడ చెవిటిదానిలా నటిస్తూ ఇంట్లో వాళ్ళ గుట్లన్నీ వింటుంటుంది. అత్తయ్య మొదట చేతులు కట్టుకుని బిగదీసుకుని కూర్చుంది. కాసేపటికి ముందుకు వంగింది. ఇంకాసేపటికి గలగలా నవ్వుతోంది. చివరికి స్టేజీ మీద అల్లుడు తలుపు చాటున నక్కితే, అది తెలియక ముసలావిడ తన గుట్టు బయటపెట్టబోతుంటే, అత్తయ్య ఆగలేక లేచి, "వాడు తలుపు వెనకే ఉన్నాడే పిచ్చిదానా, నోరు మూసుకో!" అని కేక పెట్టింది.

హాల్లో తలలన్నీ మా వైపు తిరిగాయి. బావగారు తల వంచేసుకున్నారు. ముసలావిడ వేషం వేసిన నటి ఆగి, తలెత్తి బాల్కనీ వైపు చూసి, "అలాగే పెద్దమ్మా, నాకూ అనుమానంగానే ఉంది" అని తన పాత్ర గొంతుతోనే అంది. హాలు దద్దరిల్లింది. చప్పట్లు ఆగవే! అత్తయ్య కూర్చుని, తనే ఆ నాటకం రాసినట్టు చుట్టూ చూసింది.

నేను మాత్రం మాలన్ అక్కనే చూస్తున్నాను. ఊరంతా వినపడేలా నవ్వే మనిషి ఆ రెండున్నర గంటలూ చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. రెయిలింగు పట్టుకుని కూర్చుంది. స్టేజీ మీది వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. పెదాలు విచ్చుకుని ఉన్నాయి. విరామంలో బటాటా వడ తెచ్చిస్తే చేతిలో పట్టుకుని తినడమే మరిచిపోయింది.

నాటకం అయ్యాక అత్తయ్య, "ఆ పిల్లని చూడాలి" అంది. చెప్పకుండానే చేతులు చాచి అక్క వీపు ఎక్కింది. తెర వెనక ఆ నటి ఇంకా రంగు తుడుచుకోలేదు. అత్తయ్యని గుర్తుపట్టి నవ్వుతూ వంగి పాదాలకి దండం పెట్టింది.

"బాగా చేశావమ్మా" అని అత్తయ్య ఆమె బుగ్గలు పుణికింది. తర్వాత అక్క చెయ్యి పట్టి ముందుకి లాగింది. "ఇది నా పెద్ద కోడలు. మిరజ్ పహిల్వాన్ కూతురు. నన్ను వీపున మోసుకొచ్చి నీ నాటకం చూపించింది. ఇలాంటిది మా వైపు ఇంకో ఇంట్లో లేదు."

మాలన్ అక్క తల పక్కకి తిప్పుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "చెమట" అంది.

భోజనానికి పాత పేటలో థాలీ పెట్టే హోటలుకి వెళ్ళాం. పళ్ళెం ఖాళీ కాకముందే వడ్డించేవాళ్ళు వచ్చి నింపుతున్నారు. మన బొబ్బట్టులాంటి పూరణ్ పోళీ మీద నెయ్యి, పక్కన గిన్నెలో చల్లని మామిడిపండ్ల ఆమ్రస్. అక్కకి అలవాటు పోక రెండుసార్లు లేచి మాకు వడ్డించబోయింది. "కూర్చోవే! ఇవాళ వాళ్ళు వడ్డిస్తారు, నువ్వు తిను" అని అత్తయ్య కసిరి, వడ్డించే అతన్ని పిలిచి, "దానికి ఆమ్రస్ ఇంకో గిన్నె పొయ్యి నాయనా, మోసింది అది" అంది.

"వచ్చే నెల ఇంకో నాటకం ఉందా?" అని బావగారు మెల్లగా అడిగారు.

"ఎందుకు లేదు? రెండున్నాయి!" అక్క గొంతు మామూలుగా అయిపోయింది. ఆ చెవిటి ముసలావిడ అల్లుణ్ణి పట్టుకునే ఘట్టం మొత్తం, అల్లుడి వంకర నడకతో సహా, మా బల్ల పక్కన నిలబడి ఆడి చూపించింది. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. వడ్డించే అతను ఆమ్రస్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అత్తయ్య నవ్వలేక పొట్ట పట్టుకుని, "మళ్ళీ చెయ్యి, ఆ నడక మళ్ళీ చెయ్యి" అంటోంది.